రిపాజిటరీ పెట్టాం, బయటి పాఠకుడికి అందుతోందా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డీస్పేస్ గురించే. ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాల కలిసి 2002 నవంబరులో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. థీసిస్‌లు, పరిశోధనా పత్రాలు దాచి ఇంటర్నెట్‌లో అందించే డిజిటల్ భండారాన్ని (రిపాజిటరీని) నడపడానికి వాడతారు. దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను పోగుచేస్తున్న శోధ్‌గంగ కూడా దీని మీదే నడుస్తోంది. ప్రశ్నలను కాస్త కుదించి ఇస్తున్నాం. ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇచ్చాం, టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌లో డీస్పేస్ 7 ఎక్కించాం. సర్వర్ దగ్గర కూర్చుని తెరిస్తే అంతా బాగుంది. లైబ్రరీలో మరో కంప్యూటర్ నుంచి తెరిస్తే చక్రం తిరిగి తిరిగి చివరికి 500 అని వస్తోంది. ఒక్కోసారి పేజీ వచ్చినా లాగిన్ కావడం లేదు. – డిగ్రీ కాలేజీ గ్రంథపాలకుడు, నల్గొండ

జవాబు: 7వ వెర్షన్ నుంచి డీస్పేస్ రెండు ముక్కలైంది. ముందు కనిపించే తెర యాంగ్యులర్‌తో చేసింది, నోడ్ మీద 4000 పోర్టులో నడుస్తుంది. వెనక సమాచారం అందించే భాగం జావాది, టామ్‌క్యాట్ మీద 8080లో ఉంటుంది. పేజీ తెరిచినవారి బ్రౌజర్ ఈ రెండింటితోనూ మాట్లాడాలి. మీ సెట్టింగుల్లో వెనక భాగం చిరునామా లోకల్‌హోస్ట్ అని ఉండిపోయి ఉంటుంది. అలా ఉంటే ఎవరు తెరిస్తే వాళ్ళ కంప్యూటర్‌లోనే బ్రౌజర్ దాన్ని వెతుక్కుంటుంది. సర్వర్ దగ్గర కూర్చుంటేనే దొరుకుతుంది, ఇంకెక్కడా దొరకదు.

వెనక భాగంలో లోకల్ డాట్ సీఎఫ్‌జీ తెరిచి డీస్పేస్ యూఐ యూఆర్ఎల్, డీస్పేస్ సర్వర్ యూఆర్ఎల్ రెండూ బయటివాళ్ళు టైపు చేసే అసలు పేరుతోనే రాయండి. చివర స్లాష్ (/) వద్దు. ఒకచోట హెచ్‌టీటీపీ, మరోచోట హెచ్‌టీటీపీఎస్ ఉన్నా చెడుతుంది. తెర భాగంలో కాన్ఫిగ్ డాట్ ప్రాడ్ డాట్ వైఎంఎల్ ఫైలులో రెస్ట్ కింద ఎస్ఎస్ఎల్ ట్రూ, పోర్టు 443, నేమ్‌స్పేస్ స్లాష్ సర్వర్ అని ఉండాలి. లోకల్‌హోస్ట్ కాని ఏ పేరు మీదైనా హెచ్‌టీటీపీఎస్ లేకుండా లాగిన్ కుదరదు. సురక్షిత మార్గం లేనిచోట బ్రౌజర్ లాగిన్‌కు కావాల్సిన కుకీని తీసుకోదు, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (అభ్యర్థన మీ పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు) లేదంటూ 403 వస్తుంది. సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌తో సరిపెడదామనుకోవద్దు, నోడ్ దాన్ని నమ్మదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే.

ఇంత చేసినా 500 పోకపోతే సర్వర్‌లోనే కర్ల్ ఆదేశంతో మీ బయటి చిరునామాను పిలిచి చూడండి. మొదటి పేజీని నోడ్ తానే సిద్ధం చేసి పంపుతుంది కాబట్టి, దానికి కూడా ఆ పేరు అందాలి. కొన్ని క్యాంపస్ రౌటర్లు లోపలి నుంచి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చే దారిని ఒప్పుకోవు. అప్పుడు సర్వర్ హోస్ట్స్ ఫైలులో ఆ పేరును 127.0.0.1కి, అంటే ఆ యంత్రానికే, ముడిపెడితే పనవుతుంది. సెట్టింగు మార్చాక టామ్‌క్యాట్‌నూ నోడ్‌నూ రెండింటినీ ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. తెర ఫోల్డరులో ఎన్‌పీఎం రన్ టెస్ట్ కోలన్ రెస్ట్ అని కొడితే వెనక భాగం అందుతోందో లేదో అదే చెబుతుంది. 7వ వెర్షన్ తొలి విడుదలల్లో ఎన్‌పీఎం బదులు యార్న్ ఉంటుంది. చివరిగా మొబైల్ డేటాతో ఫోన్లో తెరిచి చూడండి. క్యాంపస్ వైఫై మీద చూసింది పరీక్ష కింద లెక్కకు రాదు.

ప్రశ్న: ఫోల్డరు యజమానిగా టామ్‌క్యాట్‌నే పెట్టాం, అనుమతులన్నీ ఇచ్చాం. అయినా ఫైలు ఎక్కిస్తుంటే "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" అంటోంది. డిస్కు పాడైందా? – సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఒంగోలు

జవాబు: డిస్కు బాగానే ఉంది. ఉబుంటు, డెబియన్ ప్యాకేజీగా ఇచ్చే టామ్‌క్యాట్ 9ని సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపించే లినక్స్ భాగం) కట్టడిలో ఉంచుతుంది. తనకు చెప్పిన ఫోల్డర్లలో తప్ప అది ఎక్కడా రాయలేదు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టామ్‌క్యాట్9 అని కొట్టి, సర్వీస్ అనే భాగం కింద రీడ్‌రైట్‌పాత్స్ వరుసలో మీ డీస్పేస్ ఫోల్డరు పేరు చేర్చి, సర్వీసును మళ్ళీ నడపండి. ఇంకొక మాట: డీస్పేస్ ఆదేశాలను రూట్‌గా నడపొద్దు. రూట్ పేరు మీద ఒక్క లాగ్ ఫైలు పుట్టినా మర్నాడు టామ్‌క్యాట్ అందులో రాయలేక మొరాయిస్తుంది.

ప్రశ్న: తెలుగు శాఖ సిద్ధాంత గ్రంథాలు 200 దాకా ఎక్కించాం. శీర్షికతో వెతికితే వస్తున్నాయి. లోపలి పుటల్లోని మాటతో వెతికితే ఒక్కటీ రావడం లేదు. ఇంగ్లీషు థీసిస్‌లు మాత్రం వస్తున్నాయి. తెలుగుకు డీస్పేస్ పనికిరాదా? – విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగిని, తిరుపతి

జవాబు: పనికొస్తుంది. సాధారణంగా లోపం పీడీఎఫ్‌లో ఉంటుంది, దాన్ని మీరే పట్టుకోవచ్చు.

ఫిల్టర్-మీడియా అనే ఆదేశం ప్రతి పీడీఎఫ్‌లోంచీ అక్షరాలు లాగి పక్కన ఒక టెక్స్ట్ ఫైలు చేస్తుంది. డీస్పేస్‌లో వెతుకులాట నడిపే సోలర్ అనే భాగం వాడేది ఆ ఫైలునే. అడ్మిన్‌గా లాగినై ఒక థీసిస్‌ను ఎడిట్‌లో తెరిచి, బిట్‌స్ట్రీమ్స్ ట్యాబులో టెక్స్ట్ అనే కట్ట కింద చూడండి. మీ ఫైలు పేరుకే చివర డాట్ పీడీఎఫ్ డాట్ టీఎక్స్‌టీ అని ఉంటుంది. దాన్ని దించుకుని తెరిస్తే ఈ నాలుగింటిలో ఒకటి కనిపిస్తుంది.

ఫైలు ఖాళీగా ఉంటే, ఆ పీడీఎఫ్ స్కాన్ బొమ్మ. నెత్తిన గుర్తులున్న ఐరోపా అక్షరాలు, డాలర్లు, కుండలీకరణాలు కలగాపులగంగా ఉంటే, అది అను ఫాంట్లలో డీటీపీ చేసింది. తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి తెలుగు కోడ్లు కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. పీజీ సెంటర్ల దగ్గర డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌లో కట్టిన థీసిస్‌లు చాలావరకు ఇలాంటివే. మూడోది ఇంకా మోసం చేస్తుంది: యూనికోడ్‌లోనే టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ఒత్తులున్న చోట్ల అక్షరాలు రాలిపోతాయి. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటివి దెబ్బతింటాయి, "మన", "తల" లాంటివి నిలుస్తాయి. అందుకే పరీక్షకు తేలిక మాటలు ఎంచుకుంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కచ్చితంగా సంయుక్తాక్షరం ఉన్న మాటతోనే వెతికి చూడాలి.

ఈ మూడింటికీ మందు ఒకటే, ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్టుగా మార్చడం. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత ఉపకరణం టెసరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజిన్‌ను వాడుకుంటుంది. భాష దగ్గర టీఈఎల్ ప్లస్ ఈఎన్‌జీ అని ఇవ్వండి. టెసరాక్ట్ తెలుగు భాషా ఫైలును విడిగా ఎక్కించుకోవాలి. అను ఫాంట్ల పీడీఎఫ్‌లకు ఫోర్స్-ఓసీఆర్ అన్న ఐచ్ఛికం తప్పనిసరి, లేకపోతే అక్షరాలు ముందే ఉన్నాయంటూ ఆగిపోతుంది. స్కానింగ్ 300 డీపీఐకి తగ్గితే గుడిదీర్ఘాలు, ఒత్తులు కలిసిపోతాయి. అసలు పీడీఎఫ్‌ను పారేయకండి, పాఠకులకు కనపడకుండా విడిగా దాచి ఉంచండి. కొత్త ఫైలు ఎక్కించాక ఫిల్టర్-మీడియాను ఆ గ్రంథం హ్యాండిల్‌తో (దాని శాశ్వత లింకులోని సంఖ్యతో), బలవంతపు ఐచ్ఛికం మైనస్ ఎఫ్ పెట్టి నడపండి.

నాలుగోది: ఫైలులో తెలుగు చక్కగానే ఉంటుంది కానీ సగంలో ఆగిపోతుంది. డీస్పేస్ మామూలుగా మొదటి 1,00,000 అక్షరాలనే లాగుతుంది. 300 పుటల థీసిస్ అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, చివరి అధ్యాయాలు వెతుకులాటకు అందవు. టెక్స్ట్‌ఎక్స్‌ట్రాక్టర్ మ్యాక్స్-క్యార్స్ విలువనూ, డిస్కవరీ సోలర్ ఫుల్‌టెక్స్ట్ క్యార్‌లిమిట్ విలువనూ రెండింటినీ పెంచాలి. ఒకటే పెంచితే రెండోది అడ్డుపడుతుంది. పెంచాక ఫిల్టర్-మీడియాను మళ్ళీ బలవంతంగా నడిపి, ఇండెక్స్-డిస్కవరీని మైనస్ బితో నడపండి. పెద్ద అంకె పెడితే సోలర్‌కు మెమరీ కూడా ఎక్కువ ఇవ్వాల్సి ఉంటుంది, కాబట్టి ముందు పది గ్రంథాలతో చూసుకోండి.

రచయితల జాబితా కూడా ఒకసారి చూడండి. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, ఒకచోట పొల్లు తర్వాత కంటికి కనపడని విభాజక అక్షరం చేరి ఉంటుంది. "సురేష్" అని పొల్లుతో ముగిసే పేర్లలో కీబోర్డును బట్టి ఇది చేరుతుంది. చూపుకు తేడా ఉండదు కానీ, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. జాబితాను సీఎస్‌వీగా దించి ఆ అక్షరాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించవచ్చు. ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి మామూలుగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోవచ్చు, యూటీఎఫ్-8 అని ఎంచుకునే సేవ్ చేయండి. లిబర్‌ఆఫీస్ అయితే ఆ ప్రశ్న ముందే అడుగుతుంది.

200 గ్రంథాల ఓసీఆర్‌కు సమయం పడుతుంది. ఈలోగా ప్రతిదానికీ సారాంశాన్ని యూనికోడ్ తెలుగులో టైపు చేయించి అబ్‌స్ట్రాక్ట్ గడిలో పెట్టించండి. అది ఆ రోజే వెతుకులాటలోకి వస్తుంది.

ప్రశ్న: మా లింకులన్నిటిలో 123456789 అని వస్తోంది. అలాగే ఉంచితే నష్టమా? – ఇంజనీరింగ్ కాలేజీ, తెనాలి

జవాబు: నష్టమే. అది హ్యాండిల్ నమోదు చేసుకోని ప్రతి డీస్పేస్‌లోనూ ఉండే తాత్కాలిక అంకె. శాశ్వత లింకుగా అది ప్రపంచంలో ఎక్కడా పని చేయదు. రేపు మీ సర్వర్ పేరు మారితే, థీసిస్‌ల కింద ఉటంకించిన లింకులన్నీ చచ్చిపోతాయి. శోధ్‌గంగ లింకుల్లో 10603 కనిపిస్తుంది చూడండి, అది వాళ్ళు నమోదు చేసుకున్నది.

మేక్-హ్యాండిల్-కాన్ఫిగ్ నడిపితే సైట్‌బండిల్ జిప్ తయారవుతుంది. దాన్ని హ్యాండిల్ డాట్ నెట్ రిజిస్ట్రీకి పంపి, రుసుము కడితే మీ అంకె ఇస్తారు. రుసుము ఏటా 50 డాలర్లు. విదేశీ చెల్లింపుకు కాలేజీ అకౌంట్స్‌లో ఎన్ని సంతకాలు కావాలో ముందే కనుక్కోండి. అంకె వచ్చాక లోకల్ డాట్ సీఎఫ్‌జీలో హ్యాండిల్ ప్రిఫిక్స్ మార్చి, డేటాబేసు కాపీ తీసుకుని, అప్‌డేట్-హ్యాండిల్-ప్రిఫిక్స్ ఆదేశానికి పాత అంకె, కొత్త అంకె ఇవ్వండి. హ్యాండిల్ సర్వర్‌ను నడిపి, ఫైర్‌వాల్‌లో 2641 పోర్టును టీసీపీ, యూడీపీ రెండింటికీ, 8000ను టీసీపీకి తెరవాలి. ఎక్కువమంది యూడీపీ మరిచిపోతారు. రిపాజిటరీలో పది గ్రంథాలున్నప్పుడే ఈ పని చేసేయడం మేలు.

ప్రశ్న: 6వ వెర్షన్ నుంచి పైకి వెళ్ళాలి. ముందు ఎక్కడ, ఎలా పరీక్షించాలి? గతసారి అప్‌గ్రేడ్‌లో డౌన్‌లోడ్ లెక్కలన్నీ పోయాయి. – పరిశోధనా సంస్థ, హైదరాబాద్

జవాబు: 2023 మధ్యలోనే 6కు మద్దతు ఆగింది కాబట్టి, వాయిదా వేయకండి. పాత జేఎస్‌పీ, ఎక్స్‌ఎంఎల్ తెరలు రెండూ 7లో లేవు. మీరు వాటికి చేసుకున్న అలంకరణ ఏదీ కొత్తదానికి రాదు.

ముందు లెక్కల సంగతి. పుస్తక వివరాలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో, ఫైళ్ళు అసెట్‌స్టోర్ అనే ఫోల్డరులో ఉంటాయి. డౌన్‌లోడ్, సందర్శన లెక్కలు మాత్రం సోలర్‌లోని స్టాటిస్టిక్స్ కోర్‌లోనే ఉంటాయి. సెర్చ్ కోర్ పోతే డేటాబేసు నుంచి మళ్ళీ కట్టుకోవచ్చు, స్టాటిస్టిక్స్ పోతే తెచ్చుకునే దారి లేదు. సోలర్-ఎక్స్‌పోర్ట్-స్టాటిస్టిక్స్‌తో బయటికి తీసి దాచుకోండి. బ్యాకప్‌లో ముందు పీజీడంప్ (డేటాబేసు కాపీ), తర్వాత అసెట్‌స్టోర్ కాపీ, ఈ వరుసే పాటించాలి. తిరగేస్తే, మధ్యలో ఎక్కిన గ్రంథం డేటాబేసులో ఉంటుంది, దాని ఫైలు మీ కాపీలో ఉండదు. అసెట్‌స్టోర్‌లో పొడవాటి అంకెల పేర్లతో, పొడిగింపు లేని ఫైళ్ళుంటాయి. ఏది ఏ గ్రంథమో డేటాబేసుకే తెలుసు. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు.

పరీక్షకు వేరే యంత్రంలో అసలు డేటా కాపీనే పెట్టండి, 20 నమూనా గ్రంథాలతో చూస్తే ఏమీ బయటపడదు. కాపీ తెరిచే ముందు చేయాల్సిన మొదటి పని, మెయిల్ సర్వర్ డిజేబుల్డ్ విలువను ట్రూ చేయడం. లేదంటే పరీక్ష యంత్రం అసలు విద్యార్థులకు, గైడ్లకు ఉత్తరాలు పంపేస్తుంది. పరీక్ష కాపీని గూగుల్‌కు కనపడనీయకండి. తర్వాత పోస్ట్‌గ్రెస్‌లో పీజీక్రిప్టో అనే అదనపు భాగం ఉందో చూసి, డేటాబేస్ టెస్ట్, డేటాబేస్ మైగ్రేట్, డేటాబేస్ ఇన్ఫో వరుసగా నడపండి.

అడ్మిన్ లాగిన్‌తో పరీక్షిస్తే అన్ని తలుపులూ తెరుచుకునే ఉంటాయి. కాబట్టి ఒకరు విద్యార్థి ఖాతాతో థీసిస్ సమర్పించాలి, ఇంకొకరు పరిశీలకుడిగా తిప్పి పంపి, మళ్ళీ వచ్చాక ఆమోదించాలి. లాగిన్ లేని ప్రైవేట్ కిటికీలో మూడో మనిషి దాన్ని వెతికి దించుకోవాలి. ఎంబార్గో (కొంతకాలం బయటికి చూపకూడదన్న ఆంక్ష) ఉన్న గ్రంథం ఒకటి తీసుకుని పీడీఎఫ్‌తో పాటు పక్కనున్న టెక్స్ట్ ఫైలును కూడా ఆ కిటికీలో తెరవబోయి చూడండి. ఫిల్టర్-మీడియా ముందే నడిచి, ఎంబార్గో తర్వాత పీడీఎఫ్‌కు మాత్రమే పెట్టి ఉంటే, టెక్స్ట్ ఫైలు అందరికీ తెరిచే ఉండిపోతుంది. పేటెంటుకు వెళ్ళాల్సిన పని ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

బయటి సంస్థలు మీ వివరాలు తీసుకునే ఓఏఐ దారిని కూడా చూడాలి. సర్వర్ స్లాష్ ఓఏఐ స్లాష్ రిక్వెస్ట్ చిరునామాకు వెర్బ్ ఈక్వల్స్ ఐడెంటిఫై తగిలిస్తే పేరు రావాలి. లిస్ట్‌రికార్డ్స్ అడిగితే వందేసి చొప్పున వచ్చి, చివర కొనసాగింపు టోకెన్ కనిపించాలి. ఖాళీగా వస్తే ఓఏఐ ఇంపోర్ట్ నడపలేదన్నమాట, దాన్ని రోజూ రాత్రి నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే లినక్స్ ఏర్పాటులో) పెట్టండి.

కొత్త వెర్షన్ ప్రతిదానికీ విడుదలకు ముందు డీస్పేస్ బృందం టెస్టథాన్ పెడుతుంది. ఎవరైనా ప్రజా సర్వర్‌లో లాగినై పరీక్షించి లోపాలు గిట్‌హబ్‌లో రాయవచ్చు. ఒత్తుల మాటలతో వెతకడం, తెలుగు పేర్ల ఫైళ్ళు ఎక్కించి దించడం మనవాళ్ళు చేయకపోతే అక్కడ ఇంకెవరూ చేయరు. లోపం రాసేటప్పుడు బ్రౌజర్ పేరు, ఏ ఖాతాతో ఏ వరుసలో నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవి రాయండి. తెలుగు మాటను బొమ్మగా కాకుండా టెక్స్టుగానే అతికించండి, దాన్ని సరిచేసే మనిషి ఆ మాటతోనే వెతికి చూసుకోవాలి.