డాక్టర్ సలహా: రిఫరీ సీపీఆర్ నేర్చుకోవాలా? తప్పక నేర్చుకోవాలి, కానీ ముందు మీ ఛాతీ నొప్పి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 47. మాది కావలి దగ్గర పల్లె. ప్రైవేటు స్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలకు రిఫరీగా వెళ్తుంటాను. ఈసారి రిఫరీలు, అంపైర్లు అందరూ సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చేయడం) నేర్చుకుని రావాలని నిర్వాహకులు అంటున్నారు. మేం డాక్టర్లం కాదు కదా సార్, నొక్కితే పక్కటెముక విరిగి కేసు అయితే ఎవరు పడాలి? ఇంకో చిన్న విషయం. వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడిస్తే ఛాతీ పట్టేసి, ఎడమ దవడ దాకా లాగుతోంది. గ్యాస్ బిళ్ల వేసుకుని కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. బీపీ నార్మల్‌కు వచ్చిందని ఎండాకాలంలో బిళ్లలు మానేశాను. గ్యాస్‌కు మంచి మందు చెప్పగలరు.

జవాబు: మీరు చివర్లో ‘చిన్న విషయం’ అని రాశారు చూడండి, అది చిన్నది కాదు. పరిగెత్తినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గి, దవడకు లాగే బిగుతును గ్యాస్ అని వదిలేయకూడదు. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి సాధారణంగా ఇలాగే ఉంటుంది. మిమ్మల్ని చూడకుండా అదేనని తేల్చి చెప్పలేను. కానీ 47 ఏళ్ల వయసు, బీపీ, మానేసిన బిళ్లలు, ఇవన్నీ కలిపి చూస్తే నాకు భయంగా ఉంది. మీరు వేసుకునే బిళ్ల ఐదు నిమిషాల్లో పనిచేయడం కష్టం. నొప్పిని తగ్గించింది మీరు కూర్చోవడమే అనుకుంటున్నాను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ బిళ్లతో ఆరు నెలలు నెట్టుకొచ్చి, ఏడో నెలలో స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. దయచేసి మీరు ఆ వరుసలో చేరొద్దు.

బంగ్లాదేశ్ క్రికెటర్ తమీమ్ ఇక్బాల్ సంగతి గుర్తుందా? 2025 మార్చి 24న ఢాకా దగ్గర సావర్‌లో మ్యాచ్ మధ్యలో ఛాతీ నొప్పి వచ్చింది. మొదట గ్యాస్ అనుకుని దానికే మందు తీసుకున్నారు. తర్వాత గుండె ఆగింది. పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేశారు, ఆస్పత్రిలో స్టెంట్ వేశారు, బతికారు. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు. మీరడిగిన ప్రశ్న, మీ నొప్పి, రెండూ ఈ ఒక్క సంఘటనలోనే ఉన్నాయి.

ఇక సీపీఆర్. మీ టోర్నమెంట్లలో గ్రౌండ్ దగ్గర డాక్టర్ ఉండడు, ఎప్పుడో ఒకసారి ఉంటే గొప్ప. రిఫరీ మాత్రం ప్రతి మ్యాచ్‌కూ ఉంటాడు. ఆట మీద నుంచి కన్ను తీయనిది ఆయనే, విజిల్ ఊది ఆపగలిగిందీ ఆయనే. రైడర్ మీద నలుగురు పడి లేచినప్పుడు కింద ఉన్నవాడు లేవకపోతే ముందు కనిపించేది మీకే. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే కూలిపోయాడు. రిఫరీ వెంటనే ఆట ఆపి వైద్యులను పిలిచాడు. అక్కడే సీపీఆర్ చేసి, గుండెకు కరెంటు షాక్ ఇచ్చారు. తర్వాతి ఏడాది అతను వరల్డ్ కప్ ఆడాడు. అక్కడ వైద్యులు గీత పక్కనే ఉన్నారు. మీ ఊళ్లో 108 వచ్చేలోపు ఉండేది మీరు, స్కోరర్, లైన్ అంపైర్లు, అంతే. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

ఇంకో మాట. గ్రౌండ్‌లో పరిగెత్తేవాళ్లందరిలో వయసులో పెద్ద సాధారణంగా రిఫరీయే. పడిపోయేది ఆటగాడే అనుకోవద్దు, మీరూ కావచ్చు. అందుకే ఒక్కరు నేర్చుకుంటే చాలదు, మీ తోటి అంపైర్లకూ వచ్చి ఉండాలి.

కొన్నేళ్ల కిందట నేను క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా ఒక కుర్రాణ్ని ఆటోలో తెచ్చారు. వాలీబాల్ ఆడుతూ పడిపోయాడట. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, నుదుటి మీద విభూతి, బిగించిన పిడికిట్లో తాళాల గుత్తి. ఫిట్స్ అనుకున్నారు. వెంట వచ్చినాయన మెడలో ఇంకా విజిల్ వేలాడుతోంది. ‘నోరు తెరుస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు సార్, అందుకే బతికే ఉన్నాడనుకున్నాం’ అన్నాడు. అది ఊపిరి కాదు, ఎగశ్వాస. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో అలా ఉంటుంది, కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకోవడం కూడా ఉండొచ్చు. దారి పొడవునా ఆ కుర్రాడి ఛాతీ మీద ఒక్క చెయ్యీ పడలేదు. మేము చేయగలిగిందంతా చేశాం, దక్కలేదు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. భుజం తట్టి గట్టిగా పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు, అంటే గుండె ఆగిందనే లెక్క. పది సెకన్లకు మించి చూడొద్దు, నాడి కోసం వెతకొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేయాలి, ఇంకొకరు బండేసుకుని రోడ్డు మలుపు దగ్గర అంబులెన్సు కోసం నిలబడాలి. ఎవరెవరు ఏం చేయాలో టాస్ వేసే ముందే చెప్పుకోండి. మీరు ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకు చేతులు నొప్పెడతాయి, ఇంకొకరు అందుకోవాలి. పెద్దవాళ్లకైతే నోటితో ఊదడం రాకపోయినా నొక్కడం ఆపొద్దు. షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్ దొరికితే వెంటనే పెట్టండి, అదే మాటలతో దారి చూపిస్తుంది.

పక్కటెముక విరగొచ్చు. నేను చేసినా విరగొచ్చు. అది కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. కేసుల విషయంలో నేను లాయర్‌ను కాను. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో సాయం చేసినవాళ్లకు ఇచ్చిన రక్షణ రోడ్డు ప్రమాదాలకు సంబంధించింది, గ్రౌండ్‌కు వర్తిస్తుందని చెప్పను. స్పృహ లేని మనిషికి మంచి ఉద్దేశంతో, అతని మేలు కోసం చేసిన పని గురించి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్‌లో ఉంది. కచ్చితమైన మాట లాయర్‌నే అడగండి.

వీడియో చూసి వచ్చేసిందనుకోవద్దు. బొమ్మ మీద నొక్కి చూస్తేనే ఎంత బలం కావాలో తెలుస్తుంది. జిల్లా రెడ్ క్రాస్ వాళ్లను గానీ, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మత్తు డాక్టర్ల విభాగాన్ని గానీ నిర్వాహకుల తరఫున అడిగి చూడండి.

మీ సంగతికి వస్తాను. రేపే స్కూలుకు సెలవు పెట్టి ఫిజీషియన్‌ను గానీ, గుండె డాక్టర్‌ను గానీ కలవండి, బీపీ బిళ్లల పాత చీటీ తీసుకెళ్లండి. ఈసీజీ నార్మల్ అన్నారని లేచి రావొద్దు, విశ్రాంతిగా ఉన్నప్పుడు తీస్తే అది మామూలుగానే ఉండొచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు కావాలా వద్దా అన్నది వాళ్లు తేలుస్తారు. ఎవరో చెప్పారని గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ల జేబులో వేసుకుని తిరగొద్దు, అది వాడితే బీపీ పడిపోవచ్చు. ఈలోగా కూర్చున్నా నొప్పి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా సొంత బండి మీద బయల్దేరకుండా 108కి చేయండి. నిర్వాహకులకు ఫోన్ చేసి ఈసారికి ఇంకో రిఫరీని చూసుకోమనండి. సీపీఆర్ ట్రైనింగ్‌కు మాత్రం మీ పేరు ఇవ్వండి. నొక్కడం గుండెకు బాగా శ్రమే కాబట్టి, డాక్టర్ సరేననే దాకా పక్కన కూర్చుని చూడండి.

- ఫిజీషియన్, నెల్లూరు