మేనకోడల్ని కోడలిగా తెచ్చుకునే ముందు

ప్రశ్న: మా తమ్ముడికి 45 ఏళ్లు. 34వ ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది, ఇప్పుడు నడక కూడా బిగుసుకుపోయింది. జన్యు పరీక్ష చేయిస్తే ‘పింక్1, హోమోజైగస్’ అని రాశారు. మా అమ్మానాన్నలది మేనరికం. నాకు 49, ఏ బాధా లేదు. మా అమ్మాయిని తమ్ముడి కొడుక్కే ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకున్న మాట. ఇప్పుడేం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ తమ్ముడిది పింక్1 అనే జన్యువు చెడి చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్స్ జబ్బు. ముందు లెక్క చూద్దామమ్మా. ఈ జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ చెడితేనే ఈ జబ్బు. ఒకటే చెడినవాళ్లు వాహకులు, మామూలుగానే ఉంటారు. ‘హోమోజైగస్’ అంటే రెండు ప్రతుల్లోనూ అదే మార్పు ఉందని. మీ తమ్ముడికి రెండూ చెడ్డాయి, కాబట్టి ఆయన కొడుకు తప్పకుండా వాహకుడే. 49 ఏళ్లకూ లక్షణాలు లేవు గనుక మీరు వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. అందులో సగం మీ అమ్మాయికి, అంటే మూడింట ఒకటి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు. మొత్తం కలిపితే పన్నెండింట ఒకటి. బయటి సంబంధమైతే ఈ ముప్పు చాలా తక్కువ.

ఈ పన్నెండో వంతును అనుమానంగా మోస్తూ కూర్చోనక్కర్లేదు, తేల్చుకోవచ్చు. ముందు మీరు పరీక్ష చేయించుకోండి. మీలో ఆ మార్పు లేకపోతే మీ అమ్మాయికి మీ నుంచి రాదు. మీవారు కూడా ఆ బంధువుల్లోవారే అయితే ఆయన రక్తమూ ఇవ్వాలి. తమ్ముడి భార్య కూడా ఆ బంధువుల్లోవారే అయితే పై లెక్క మారిపోతుంది, పెళ్లికొడుక్కి కూడా పరీక్ష కావాలి.

ఎన్నో జన్యువులను కలిపి చూసే పెద్ద ప్యానెల్ మీకు అవసరం లేదు. తమ్ముడి రిపోర్టులో ‘సి.’తోనూ ‘పి.’తోనూ మొదలయ్యే రెండు గుర్తులుంటాయి, ఆ కాగితం జిరాక్స్ తీసుకెళ్లి ఆ ఒక్క మార్పు కోసమే, ఆ చోటి జన్యు అక్షరాలను చదివే శాంగర్ పరీక్ష అడగండి. పరగడుపు అక్కర్లేదు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో 3 మిల్లీలీటర్ల రక్తం చాలు. తీయగానే గొట్టాన్ని మెల్లగా ఎనిమిది, పదిసార్లు తిరగేయాలి, గట్టిగా ఊపకూడదు. కలపకపోతే గడ్డకడుతుంది, అప్పుడు మళ్లీ రక్తం ఇవ్వాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, అక్కడ కౌన్సెలింగ్ తీసుకున్నాకే పెళ్లి మాట ఎత్తితే మంచిది.

పొరపాటు జరిగే చోటు ఒకటుంది. ఒక ప్రతిలో అక్షరం మారి, రెండో ప్రతిలో ఆ ముక్కే ఎగిరిపోయినా రిపోర్టులో ‘హోమోజైగస్’ అనే కనిపిస్తుంది. మీ అమ్మానాన్నలు ఉంటే ఇద్దరికీ చేయించండి, ఇద్దరిలోనూ ఒక్కో మార్పు కనబడాలి. ఒకరిలో లేకపోతే ముక్క ఎగిరిందేమో చూడటానికి ఎమ్‌ఎల్‌పీఏ పరీక్ష అడగాలి, శాంగర్‌లో అది దొరకదు. ‘అర్థం తేలని మార్పు’ అని రాసిన రిపోర్టును పట్టుకుని మాత్రం సంబంధం కలపొద్దు, చెడగొట్టొద్దు.

ఇంతకీ పింక్1 చేసే పనేమిటి? ఫాస్ఫేట్‌ను అంటించే ఎంజైమ్‌ను కైనేజ్ అంటారు, పింక్1 అలాంటి కైనేజ్‌ను తయారుచేసే జన్యువు. 1వ క్రోమోజోమ్ మీద ఉంది. పార్కిన్సన్స్‌తో దీనికున్న సంబంధం 2004లో బయటపడింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా బాగున్నంతకాలం ఈ కైనేజ్‌ను లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. మైటోకాండ్రియా పొరమీది విద్యుదావేశం పడిపోతే ఇది బయటి పొరమీదే నిలిచిపోయి, యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ మీద ఫాస్ఫేట్ అంటించి పార్కిన్ అనే ప్రొటీన్‌ను పిలుస్తుంది. కూల్చాల్సిన ఇంటి గోడకు మున్సిపాలిటీవాళ్లు ఎర్రరంగుతో వేసే గుర్తు లాంటిదది. గుర్తు పడితే కణంలో చెత్తను అరిగించే సంచి లైసోజోమ్ దాన్ని అరిగించేస్తుంది. గుర్తు పడకపోతే చెడిన మైటోకాండ్రియా పోగుపడుతుంది, నడుమ మెదడులో, కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ముందుగా దెబ్బతింటాయి.

మిగతా పాఠకులకూ ఒక మాట: చిన్న వయసులో వణుకు, బిగువు వస్తే జన్యు పరీక్షకన్నా ముందు విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) కాదని తేల్చుకోవాలి. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే రాగిని మోసే ప్రొటీన్, కళ్లలో కైజర్–ఫ్లైషర్ వలయం చూస్తారు. అదీ మేనరికాల్లో ఎక్కువగా వచ్చేదే, కానీ దానికి మందుంది. ఆ మందు ఆలస్యమైతే చాలా నష్టం.

ప్రశ్న: మా నాన్నగారు పొద్దున 8 గంటలకు పెసరట్టు తింటూ లీవోడోపా–కార్బిడోపా వేసుకుంటారు. పదకొండు దాకా చెయ్యి కదలదు. డోసు పెంచాలా?
– పటమట, విజయవాడ

జవాబు: లీవోడోపా పార్కిన్సన్స్‌కు ఇచ్చే మందు, మెదడులో డోపమిన్‌గా మారుతుంది. ముందు వేళ మార్చి చూడండి. పెసరట్టంటే పప్పే కదా. అందులోని అమైనో ఆమ్లాలు పేగులోనూ మెదడు గడపలోనూ లీవోడోపాతో పోటీపడతాయి. మాత్రను తినడానికి అరగంట నుంచి గంట ముందు నీళ్లతో వేయండి, పాలతో, మజ్జిగతో వద్దు. వికారం అనిపిస్తే రెండు బిస్కెట్లు చాలు. పప్పు, పెరుగు, గుడ్డు ఎక్కువ భాగం రాత్రికి మార్చండి, మానిపించకండి. ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మాత్ర వేసిన వేళ, చెయ్యి కదిలిన వేళ మూడు రోజులు కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపిస్తే డోసు సంగతి ఆయన తేలుస్తారు.

సొంతంగా పెంచొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకు మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ప్రోక్లోర్‌పెరజైన్ ఇస్తుంటారు, రెండూ డోపమిన్‌ను అడ్డుకుంటాయి. ఎవరూ పొరపాటున ఇవ్వకుండా ఈ రెండు పేర్లూ చీటీ మీద రాసి మందుల డబ్బాకు అంటించి పెట్టండి.