గజ్జెలు కట్టి బతకొచ్చా?

ప్రశ్న: పదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో డాన్సే వృత్తిగా పెట్టుకోవచ్చా అండీ? కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యం కూడా చూడాలనుంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఒక్క ప్రదర్శనలతోనే ఇల్లు గడవడం కష్టమమ్మా. చాలామంది సాయంత్రాలు పిల్లలకు క్లాసులు చెప్పుకుంటూనే స్టేజీ ఎక్కుతారు, పైగా మేకప్పు, చీరలు, నగలు, పాడేవాళ్లకీ మృదంగం వాయించేవాళ్లకీ ఇచ్చేది లెక్కేస్తే చేతికి మిగిలేది ఒక్కోసారి ఆటో ఖర్చే. ఉద్యోగం అప్పుడే మానెయ్యకు. వారాంతం నాట్య ప్రదర్శనలు చూడ్డానికి మాదాపూర్ శిల్పారామానికి వెళ్లు, 1961లో మొదలైన రవీంద్రభారతి ఆడిటోరియంలో ఏ ప్రోగ్రాం ఉందో కనుక్కుంటూ ఉండు. పేరిణి అంటావా, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలు, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి గ్రంథం ఆధారంగా మళ్లీ నిలబెట్టిన నాట్యం అది. శివరాత్రి కార్యక్రమాల్లో వెతుకు. దొరికితే ముందు వరసలో కూర్చో, ఆ అడుగుల దెబ్బ ఫోన్‌లో చూస్తే తెలియదు.