సైమా తీరానికి అమ్మానాన్నలను తీసుకెళ్లే ముందు

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మానాన్నల కోసం నువ్వు వేసిన ప్రయాణ పట్టిక చూశాను. పది రోజుల్లో ఫిన్లాండ్‌లో హెల్సింకి, టుర్కు, టాంపెరే, లాప్లాండ్, మధ్యలో ఎక్కడో ఒక్క రోజు సరస్సుల ప్రాంతం. ఆ ఒక్క రోజును నాలుగు రోజులు చెయ్యి. చోటు చాలకపోతే లాప్లాండ్ తీసేయి, అది మంచులో చూడవలసిన చోటు. ఈ దేశపు మనుషులు వందల ఏళ్లుగా ఎలా బతికారో తెలియాలంటే సైమా ఒడ్డున కొన్ని రోజులు నిలవాలి. ఫిన్లాండ్‌లోకెల్లా పెద్ద సరస్సు అది. వేల దీవుల మధ్య పాయలు పాయలుగా విడిపోయి ఉంటుంది కాబట్టి, ఒక ఒడ్డున నిలబడి సరస్సంతా చూశామనుకోవడానికి వీలుండదు.

సైమా ఒడ్డున ఉన్న సావోన్లిన్నాలో బస పెట్టుకో. ఊరు చిన్నది, చూడవలసినవన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. హెల్సింకి నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. రైలైతే పారిక్కలా అనే ఊళ్లో దిగి చిన్న రైలుబండి ఎక్కాలి. నన్నడిగితే రైలులోనే వెళ్లండి. పారిక్కలా దాటాక ఆ బండి పుంకహర్యు అనే సన్నటి గట్టు మీదుగా వెళ్తుంది, చెట్ల సందుల్లోంచి నీళ్లు కనిపిస్తూ ఉంటాయి. మీ నాన్నగారికి కిటికీ పక్క సీటు ఇవ్వు. సావోన్లిన్నా చేరాక రెండు మూడు రోజులకు కారు అద్దెకు తీసుకుంటే సరిపోతుంది, బేరం ముందే కుదుర్చుకో.

ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. జూన్ మూడో వారం తర్వాత వచ్చే యుహన్నుస్ అనే నడి వేసవి పండుగకు ఊళ్లు ఖాళీ అవుతాయి, కొట్లు మూసేస్తారు, అందరూ సరస్సు ఒడ్డున తమ కుటీరాలకు పోతారు. ఆ రోజుల్లో కొత్తవాళ్లకు ఇబ్బందే. జులైలో సావోన్లిన్నాలోని పాత కోటలో ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకాల ఉత్సవం జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం, ధరలూ పెరుగుతాయి. అయినా మీ అమ్మ కోసం జులైలోనే వెళ్లమంటాను. పాట అంటే ప్రాణం పెట్టే మనిషి, తనకు రాని భాషలో పాడినా గొంతును గుర్తుపడుతుంది. ఈ ఉత్సవాన్ని 1912లో ఐనో అక్తే అనే ఫిన్లాండ్ గాయని మొదలుపెట్టింది. తర్వాత చాలా ఏళ్లు ఆగిపోయి, 1967 నుంచి ఏటా జరుగుతోంది. వేదిక కోట లోపలి ప్రాంగణం. పైన కప్పు వేస్తారు కానీ సరస్సు మీది గాలిని ఏ కప్పూ ఆపలేదు. జులై రాత్రి కదా అని పలచటి చీరతో కూర్చోబెట్టకు. ఉన్ని శాలువా, మేజోళ్లు, కాళ్ల మీద కప్పడానికి ఒక దుప్పటి తీసుకెళ్లు. గది మాత్రం ఈ వారమే మాట్లాడుకో.

ఆ కోట పేరు ఓలావిన్‌లిన్నా. మొదటి రోజు సాయంత్రం లోపలికి వెళ్లకండి, బయటి నుంచి చూడండి. రాతి దీవి మీద నీళ్లలోంచే లేచినట్టు ఉంటుంది. 1475లో ఎరిక్ ఆక్సెల్సన్ టోట్ అనే ప్రభువు దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఈ నేల స్వీడన్ రాజ్యంలో ఉండేది, తూర్పున రష్యన్లు. నార్వే రాజు సెయింట్ ఓలాఫ్ పేరు పెట్టారు. కోట చుట్టూ నీటి ఒరవడి ఎక్కువ, చలికాలంలో కూడా అక్కడ నీళ్లు గట్టిగా గడ్డకట్టవు. శత్రువు మంచు మీద నడిచి రాకుండా ఆ ప్రవాహమే కాపలా కాసింది. వంతెన మీద నిలబడి కిందకు చూస్తే నీళ్లు సుడులు తిరుగుతూ పోవడం తెలుస్తుంది, మీ నాన్నగారికి ఇది చూపించు. స్వీడన్, రష్యాల మధ్య 1743లో కుదిరిన ఒప్పందంతో కోట రష్యా చేతికి వెళ్లింది, కొన్నాళ్లు జైలుగానూ ఉంది. మర్నాడు పొద్దున్నే గైడుతో లోపలికి వెళ్లండి. బురుజుల్లో మెట్లు ఇరుకు, ఎత్తు, రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. మీ నాన్నగారి మోకాళ్లకు అవి పనికిరావు. ఆయన ప్రాంగణంలోనే కూర్చుంటారు, బలవంతం చేయకు.

కోట పక్కనే ఉన్న రీహిసారి మ్యూజియాన్ని చాలామంది దాటేసి పోతారు. మీరు అలా పోవద్దు. సలామా అనే ఆవిరి ఓడ కథ అక్కడ తెలుస్తుంది. 1874లో కట్టిన ఆ ఓడ 1898లో మరో ఓడను ఢీకొని మునిగింది. 1971లో పైకి తీసేదాకా డెబ్బై ఏళ్లకు పైగా అడుగునే ఉంది. చల్లని మంచినీళ్లలో ఉండడం వల్ల కొయ్య కుళ్లలేదు. రోడ్లు రాకముందు ఈ ప్రాంతంలో కలప, ధాన్యం, మనుషులు అందరూ కదిలింది నీళ్ల మీదే. 1856లో సైమా కాలువ తెరిచాక ఇక్కడి ఓడలు సముద్రం దాకా వెళ్లాయి. ఈ సంగతి తెలుసుకుంటే రేవులో ఉన్న పాత ఓడలను మీ వాళ్లు వేరే కళ్లతో చూస్తారు.

రేవు పక్కన సంతలో భోజనం చేయండి. మూయిక్కు అనే వేలెడంత చేపలను రై అనే ధాన్యపు పిండిలో దొర్లించి వేయిస్తారు. ముళ్లు ఏరనక్కర్లేదు, తలతో సహా కరకరలాడుతుంది. మీ నాన్నగారు వద్దనరు. మీ అమ్మ శాకాహారం కాబట్టి లొర్త్సీ తినిపించు. అర్ధచంద్రాకారంలో వేయించిన వంటకం అది, మన కజ్జికాయలా ఉంటుంది. యాపిల్ పెట్టినది అడుగు, మాంసం పెట్టినదీ అదే ఆకారంలో ఉంటుంది కాబట్టి కొనేముందు ఒకటికి రెండుసార్లు అడుగు. రై పిండి అప్పంలో అన్నపు పాయసం పెట్టి కాల్చే కరేలియన్ పీరక్కా కూడా దొరుకుతుంది, దాని మీద గుడ్డు కలిపిన వెన్న వేస్తారు. మీ అమ్మకు ఆ వెన్న వద్దని చెప్పు.

మూడో రోజు కెరిమాకి అనే ఊరికి వెళ్లండి. పాతిక కిలోమీటర్ల లోపే. 1847లో పూర్తయిన అక్కడి చెక్క చర్చి ప్రపంచంలోని చెక్క చర్చిలన్నిటిలోకీ పెద్దదని చెబుతారు. మూడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. కొలతలు తప్పుగా చదవడం వల్ల అంత పెద్దది కట్టారని ఒక కథ చెబుతారు, నమ్మకు. ఆ చర్చి పరిధిలోని ఊళ్లలో జనం ఎక్కువ, అందరికీ చోటుండాలని ఉద్దేశపూర్వకంగానే అంత కట్టుకున్నారు. ఆదివారాల్లో దీవుల నుంచి కుటుంబాలన్నీ పెద్ద పడవలు తెడ్లేసుకుంటూ వచ్చేవి. లోపల పసుపు, తెలుపు, లేత బూడిద రంగుల్లో కొయ్య స్తంభాలు, దూలాలు. వాటి మీద రాతిని పోలేలా వేసిన రంగును దగ్గరికి వెళ్లి చూడండి, అంత డబ్బు లేని పల్లెజనం అంత శ్రద్ధ పెట్టారంటే నాకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది. చలికాలంలో ఆ చర్చిని వేడి చేయలేరు, పక్కన చిన్న చర్చి వాడతారు. కాబట్టి లోపల చూడాలంటే వేసవే.

అదే రోజు పుంకహర్యు. మంచుయుగం చివర కరిగిన నీరు ఇసుక, గులకరాళ్లు పేర్చిపోగా మిగిలిన సన్నటి గట్టు అది. ఏడు కిలోమీటర్ల పొడవు, రెండు వైపులా నీళ్లు. కారులో దూసుకుపోతే ఏమీ చూడనట్టే. కారు ఆపి పాత దారిలో పైన్ చెట్ల కింద అరగంట నడవండి. అక్కడే లుస్టో అడవుల మ్యూజియం ఉంది. వర్షం పడితే పూటంతా అందులో గడపవచ్చు.

నాలుగో రోజు ఒరావి ఊరి నుంచి పడవలో లిన్నన్‌సారి జాతీయ ఉద్యానానికి వెళ్లండి. 1956లో ఏర్పడినది. దీవిలో పాత రైతు ఇల్లు ఒకటి నిలబెట్టారు, ఒకప్పుడు ఇక్కడి జనం చేసిన పోడు సేద్యాన్ని అక్కడ ఇంకా చేసి చూపిస్తారు. అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో రై చల్లేవారు. పొలం పని తెలిసిన మీ నాన్నగారు ఈ చోటు వదిలి రారు. సైమా సీల్ అనే నీటి జంతువు, అదే నొర్పా, ఇక్కడే ఉంటుంది. మంచుయుగం తర్వాత సముద్రం నుంచి తెగి ఈ మంచినీళ్లలోనే ఉండిపోయిన జాతి. కొన్ని వందలే మిగిలాయి. మంచు గూళ్లలో పిల్లల్ని కంటాయి, మంచు తగ్గిన ఏళ్లలో మనుషులే దిబ్బలు పోసి పెడతారు. బండల మీద ఎండ కాగుతూ బాగా కనిపించేది మే నెలలో. జులైలో కనబడితే అదృష్టం, కనబడుతుందని మీ అమ్మకు ముందే మాట ఇవ్వకు. కనిపించినా పడవను దూరంగానే ఆపించు.

సావునాకు, అంటే ఇక్కడి ఆవిరి స్నానానికి, మీ వాళ్లు సిగ్గుపడతారు. ఆడవాళ్లు, మగవాళ్లు వేర్వేరుగా వెళ్తారని, కావాలంటే తువ్వాలు కట్టుకోవచ్చని చెప్పు. కింది మెట్టు మీద కూర్చోమను, పైన వేడి ఎక్కువ. మీ నాన్నగారు రక్తపోటు మాత్రలు వేసుకుంటారు కదా, ముందు ఆయన డాక్టరును అడగండి. వేడిలోంచి నేరుగా చల్లటి సరస్సులోకి దూకడం నీకే గానీ ఆయనకు వద్దు.

అడవిలో నడవడానికి, బ్లూబెర్రీలు కోసుకోవడానికి ఈ దేశంలో అందరికీ హక్కుంది. అలాగని ఎవరి కుటీరం పెరట్లోకీ వెళ్లకూడదు, స్థలం యజమాని అనుమతి లేకుండా నిప్పు రాజేయకూడదు. దోమల మందు, మీ అమ్మ నిద్రకు కళ్ల పట్టీ తీసుకెళ్లు, రాత్రి పదకొండుకు కూడా వెలుతురే ఉంటుంది.

తిరుగు ప్రయాణం కారులో అయితే మిక్కెలి అనే ఊరి మీదుగా రండి. రిస్తీనా దగ్గర అస్తువన్‌సల్మి అనే చోట సరస్సు ఒడ్డు బండ మీద ఎర్రమట్టితో గీసిన దుప్పులు, మనుషులు, పడవలు ఉన్నాయి. వేల ఏళ్ల నాటివి. అవి గీసిన కాలంలో నీటిమట్టం ఎక్కువ, అందుకే ఇప్పుడు కొన్ని బొమ్మలు నీటికి చాలా ఎత్తున కనిపిస్తాయి. ఆ బండ ఎదుట నీటి అడుగున మనిషి ముఖంలా చెక్కిన అంబరు, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు, ముక్కలూ దొరికాయి. కారు ఆపిన చోటు నుంచి అడవి బాటలో రెండు మూడు కిలోమీటర్లు నడవాలి, దారి ఎగుడుదిగుడు. మీ నాన్నగారికి ఆ రోజు మోకాలు సహకరిస్తేనే వెళ్లండి, లేకపోతే మీ అమ్మను నువ్వు తీసుకెళ్లి, ఆయన్ను రిస్తీనాలో ఏదైనా కాఫీ కొట్టులో కూర్చోబెట్టు. గది దొరికాక నాకు ఫోను చెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ