స్టీల్ దిగుమతి సుంకం లెక్క, ఆటోనగర్ షెడ్డులోంచి

"బయటి దేశాల స్టీల్ మీద సుంకం వేస్తే దేశానికి లాభమా నష్టమా" అని అడిగారు. దేశం లెక్క చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను నా షెడ్డు లెక్క చెప్తా. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకీ టిప్పర్లకీ బాడీలు కట్టే చిన్న షెడ్డు మాది, నేను, ఐదుగురు పనోళ్ళు, అప్పుడప్పుడూ కరెంటు.

2025 ఏప్రిల్ మొదట్లో ఒక క్వారీ ఆయన మూడు టిప్పర్ బాడీలకి ఆర్డర్ ఇచ్చాడు. రేటు తెగింది, లక్ష అడ్వాన్స్ తీసుకున్నా, కొటేషన్ మీద సంతకం కూడా పెట్టేశా (ఇదే నేను చేసిన పిచ్చి పని). ఒక్కో బాడీకి ప్లేటే మూడు టన్నుల దాకా పడుద్ది. మూడు బాడీల సరుకూ ఒకేసారి కొని పడేసుకోడానికి మా దగ్గర డబ్బూ ఉండదు, చోటూ ఉండదు, ఒకటి కట్టి దాని డబ్బుల్తో రెండోదానికి ప్లేటు తెచ్చుకోవడమే మా పద్ధతి. మొదటిది పెయింటింగ్‌కి వెళ్ళింది. ఈలోగా 21వ తారీకున కేంద్రం ఫ్లాట్ స్టీల్ (షీట్లు, ప్లేట్ల లాంటివి) దిగుమతుల మీద 12 శాతం సేఫ్‌గార్డ్ డ్యూటీ, అంటే ఇక్కడి మిల్లుల్ని దిగుమతుల నించి కాపాడే అదనపు సుంకం, వేసింది, 200 రోజులకి. నాకా సంగతి పేపర్లో కాదు, స్టీల్ షాపులో తెలిసింది.

రెండ్రోజుల తర్వాత ట్రాలీ ఆటో వేసుకుని ప్లేటు కోసం వెళ్తే గుమస్తా గారు కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ రాశారు. పొరపాటేమో అనుకున్నా. అక్కడే పేర్చి ఉన్న 8 ఎంఎం ప్లేట్లు చూపించా, వాటి మీద మన దేశపు మిల్లు పేరు తెల్లరంగుతో కొట్టి ఉంది, అంచుల్లో తుప్పు కూడా పట్టింది, అంటే ఎన్నాళ్ళ నించో అక్కడే పడున్న సరుకన్నమాట. "ఇది ఓడెక్కిందా దిగిందా అండీ, దీనికి దిగుమతి సుంకం ఏంటి?" అన్నా. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "కృష్ణలో నీళ్ళు పెరిగితే బందరు కాలవలో పెరగవా బాబూ" అన్నారు.

మొత్తం టారిఫ్ శాస్త్రం అదేనండి, ఇంక చదవక్కర్లేదు. చైనా సరుకు 12 శాతం ఖరీదైతే ఇక్కడి మిల్లు తన రేటు పాతదాని దగ్గరే ఎందుకు ఉంచుద్ది, పోటీవాడి రేటుకి ఒక రూపాయి కింద దాకా లేపుద్ది. సుంకం ప్రభుత్వానికి వచ్చేది దిగుమతి అయిన టన్నుల మీదే, కానీ పెరిగిన రేటు నేను కట్టేది దేశంలో తయారైన టన్నుల మీద కూడా.

మిగిలిన రెండు బాడీలకి ఆరు టన్నులు, కిలోకి నాలుగు చొప్పున ఇరవైనాలుగు వేలు. బాడీకి నాకు మిగిలేదే పదిహేను వేలు, అందులో పన్నెండు పోయింది. క్వారీ ఆయనకి ఫోన్ చేస్తే "సంతకం పెట్టావుగా అన్నా" అన్నాడు. బ్యాలెన్సు మాత్రం దసరా దాటాక ఇచ్చాడు, దానికి సంతకం గుర్తు రాలేదు. ఈ క్వారీల వాళ్ళ బాకీల గురించి వేరే ప్రశ్న ఎవరన్నా అడగండి, రెండు పేజీలు రాస్తా.

అబద్ధం ఎందుకు, వానల్లో రేట్లు మళ్ళీ దిగాయి, డ్యూటీ ఉండగానే, సంవత్సరం చివరికి ఏప్రిల్ ముందు కంటే కిందకే పోయాయి. అది చూపించి "సుంకం వల్ల రేటు పెరగలేదుగా" అంటారు. డ్యూటీ లేకపోతే ఇంకా దిగేదంటాను నేను. నిరూపించమంటే నా దగ్గర గుమస్తా గారి బిల్లులు తప్ప ఏమీ లేవు.

మిల్లుల వైపు న్యాయం లేదని కాదు. 2024లో చైనా పది కోట్ల టన్నులకి పైనే స్టీల్ బయటికి పంపింది, మన దేశం 2023-24లో స్టీల్ అమ్మేదానికంటే కొనేది ఎక్కువ అయింది. కానీ పెద్ద మిల్లుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఢిల్లీలో అపాయింట్‌మెంట్ అడిగితే దొరుకుద్ది. మాలాంటి షెడ్లు ఎన్ని వేలు ఉన్నా మాకు తలుపు తీసేదెవరు? అందుకే 200 రోజులన్నది చివరికి మూడేళ్ళయింది, 12, 11.5, 11 అని మెట్లు దిగుతూ.

ఇంకోటి, దీంతో వైజాగ్ స్టీల్ బతికిపోయిందని మావాళ్ళు వాట్సాప్‌లో ఒకటే సంబరం. అయ్యా, ఆ డ్యూటీ ఫ్లాట్ స్టీల్ మీద, అంటే షీట్లు, ప్లేట్లు, కాయిల్స్. వైజాగ్‌లో తయారయ్యేది రాడ్లు, వైర్ రాడ్లు, యాంగిళ్ళు, చానళ్ళు. ఇల్లు కట్టుకునేవాడి రాడ్డుకీ ఈ డ్యూటీకీ నేరుగా సంబంధమే లేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో 32 మంది ప్రాణాలు పోయిన ఫ్యాక్టరీ అది, ఇప్పటికీ సొంత ఇనుప గని లేదు. 2021లో అమ్మేస్తామన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. గని ఇవ్వమంటే మాత్రం ఎవరూ మాట్లాడరు.

అమెరికాలోనూ ఇదే తంతు. 2002లో బుష్ 30 శాతం దాకా వేశాడు, డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) తప్పంది, యూరప్ వాళ్ళు ఫ్లోరిడా నారింజల మీద బదులు వేస్తామని బెదిరించారు, 2003 డిసెంబర్‌లో తీసేశాడు. ఫ్లోరిడా ఎందుకంటే అక్కడ ఓట్లు బుష్‌కి అవసరం. 2018లో ట్రంప్ 25 వేశాడు, 2025 జూన్‌లో 50 చేశాడు. డెట్రాయిట్ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో పనిచేసే మా పెద్దమ్మ గారబ్బాయి ఫోన్లో చెప్పేది అచ్చం మా ఆటోనగర్ గోలే, వాళ్ళకి ఏసీ ఉంది అంతే తేడా. 2019లో మనవాళ్ళు ట్రంప్ 2018లో వేసిన సుంకానికి బదులుగా అమెరికా బాదం, ఆపిల్, అక్రోటు మీద సుంకం పెంచి 2023 దాకా ఉంచారు. ఇనుము దగ్గర మొదలైన తగువు మా ఆవిడ నానబెట్టే బాదం గింజల దాకా వచ్చింది.

ఆ దెబ్బ తర్వాత నేనొక రబ్బర్ స్టాంపు చేయించా, "స్టీల్ రేటు డెలివరీ రోజు ప్రకారం" అని, ప్రతి కొటేషన్ మీదా ఎర్ర ఇంకుతో కొడతా. మొన్న అదే క్వారీ ఆయన ఇంకో రెండు బాడీలకి వచ్చి, కాయితం మీద స్టాంపు చూసి నవ్వి, టీ తాగి వెళ్ళాడు. ఆ రెండూ గుంటూరులో కట్టించుకుంటున్నాడట.