రిపేరున్న కారు: చేయించి అమ్మాలా, అలాగే ఇచ్చేయాలా?

"పన్నెండేళ్ల కారు, క్లచ్ జారుతోంది, గుంతలో పడితే కింద కటకటమంటోంది. పాతిక వేలు పెట్టి బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా" అని అడిగారు. నాదీ ఇంచుమించు ఇదే కథ. ఉన్నదున్నట్టు అమ్మేయండి.

మాది 2011 డీజిల్ బండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరిచేదే గానీ స్పీడు పెరిగేది కాదు, పైగా మాడు వాసన. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే క్లచ్ సెట్టు, కింద చప్పుడు చేసే సస్పెన్షన్ సామాన్లు (లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు), లేబర్ అన్నీ కలిపి 26 వేలు రాసిచ్చారు. పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీ వాళ్లేమో లక్షా పది వేలకు అడిగారు. ఇవన్నీ చేయిస్తే ఎంతిస్తారంటే, "మహా అయితే ఇంకో పది, సార్" అన్నారు. అంటే 16 వేలు నాకు చేతి చమురు.

సరే, సొంతంగానే అమ్ముదామనుకున్నా. మొదట వచ్చినాయన దగ్గర తెలివి చూపించబోయి దెబ్బతిన్నాను. పొద్దున్నే ఒకే సెల్ఫ్‌కి అందుకోదేమోనని, ఆయన వచ్చేలోపు పావుగంట ఇంజిన్ ఆన్ చేసి ఉంచాను. ఆయన రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "ముందే స్టార్ట్ చేశారాండీ?" అన్నాడు. ఆ తర్వాత నేనేం చెప్పినా నమ్మలేదు.

రెండోసారి బ్యాటరీ మాత్రం కొత్తది వేయించా. ఆటోనగర్ ఎస్టిమేట్ కాగితం డాష్‌బోర్డు మీదే పెట్టా. ఈసారి వచ్చింది నూజివీడులో సొంత షెడ్డున్న మెకానిక్. ఆ కాగితం చూసి నవ్వాడు. లేబర్ తనదే, సామాన్లు హోల్‌సేల్ రేటుకొస్తాయి, నాకు 26 వేలయ్యే పని అతనికి సగంలో తేలిపోతుంది. లక్షా ముప్ఫై రెండుకు తెగింది. మీ బండికీ ఇలాంటి వాళ్లనే వెతకండి, మీ మెకానిక్‌నే ముందు అడగండి. బ్రేకులు బాగోకపోతే మాత్రం అవి చేయించాకే టెస్ట్ డ్రైవ్‌కివ్వండి.

ఇక అసలు టెన్షన్ కాగితాల దగ్గర. ఓనర్ పేరు మార్చడానికిచ్చే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే వాటి మీద సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకోకండి. ఆర్సీలో పేరు మారకముందే యాక్సిడెంట్ జరిగితే, పరిహారానికి రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా ఆర్టీఓ ఆఫీసుకి మీరే తెలియజేయాలి. లోనుంటే ముందు బాకీ లేదని బ్యాంకు ఎన్ఓసీ తెచ్చి, ఆర్సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) తీయించాలి. పాత చలాన్లు కట్టేసి, ఫాస్టాగ్ క్లోజ్ చేయించండి. బండి అప్పగించిన తేదీతో పాటు టైము కూడా వేసి డెలివరీ నోట్ రాయించుకోండి, రిపేర్లు తెలిసే కొంటున్నట్టు అందులోనే ఒక లైను.

నేనైతే ఇంకో పని కూడా చేశా. పేరు మారాక తిరిగిస్తానని చెప్పి, రేటు మీద ఐదు వేలు ఎక్కువ తీసుకున్నా. కొంచెం గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మూడు వారాలకు కొత్త ఆర్సీ ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు, ఆ సాయంత్రమే ఆ ఐదు వేలూ ఫోన్‌పే చేసేశా.