రేంజ్ ఎక్స్‌టెండర్ వచ్చే దాకా ఆగాలా?

ప్రశ్న: మాది అనంతపురం, రామ్‌నగర్‌లో సొంతిల్లు. నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. రోజూ పోయి రావడానికి అరవై ఐదు కిలోమీటర్లు పడుతుంది. నెలకోసారి బెంగళూరులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తాం, ఏడాదికోసారి శబరిమల. డీజిల్ బండి ముసలిదైపోయింది. ఎలక్ట్రిక్ కారు కొందామంటే మావాడు, 'ఆగు నాన్నా, చైనాలో రేంజ్ ఎక్స్‌టెండర్ కార్లు వచ్చాయి, చార్జింగ్ అయిపోతే పెట్రోలుతో నడుస్తాయి, ఇక్కడికీ వస్తాయి' అంటున్నాడు. షోరూములో అడిగితే హైబ్రిడ్ చూపిస్తున్నారు. రెండూ ఒకటేనా? ఇంకో మాట, తోటలో బోరు కరెంటుతో చార్జింగ్ పెట్టుకోవచ్చా?
– ఒక చీనీ రైతు, అనంతపురం

జవాబు: చివర అడిగినదానికి ముందు చెప్తాను. పెట్టుకోవద్దు. ఉచిత కరెంటు బోరుకే ఇచ్చారు, కారుకు కాదు. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది, రెట్టింపు రేటు కట్టించుకుంటారు. అయినా మోటారు షెడ్డు పక్కన కొత్త కారు నిలబెట్టి వైరు లాగితే లైన్‌మన్‌కు ఒకరు చెప్పాలా? చుట్టుపక్కల బోర్లన్నీ ఒక్కసారి ఆన్ అయినప్పుడు ఆ లైనులో వోల్టేజీ ఎలా పడిపోతుందో మీకు తెలియనిది కాదు. లక్షలు పోసి కొన్న బండిని దానికి తగిలించకండి.

ఇక అసలు సంగతి. మీకు షోరూములో చూపించింది వేరు, మీ అబ్బాయి చెప్పేది వేరు. గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్‌లలో వచ్చేవి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు. వాటి బ్యాటరీ చిన్నది, చార్జింగ్ ప్లగ్గు ఉండదు, తాగేదంతా పెట్రోలే. బ్రేకు తొక్కినప్పుడు వృథాగా పోయే శక్తిని కొంత వెనక్కి పట్టుకుని మైలేజీ పెంచుతాయి. రేంజ్ ఎక్స్‌టెండర్‌లో అయితే చక్రాలను తిప్పేది ఎప్పుడూ కరెంటు మోటారే. బ్యాటరీ పెద్దది, ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు, దాంతోపాటు ఒక పెట్రోలు ఇంజను ఉంటుంది. ఆ ఇంజనుకు చక్రాలతో సంబంధం లేదు, బ్యాటరీ తగ్గినప్పుడు కరెంటు పుట్టించడమే దాని పని. ఫంక్షన్ హాల్లో కరెంటు పోగానే వెనకాల జనరేటరు డుగడుగమంటుంది చూడండి, అదే కారులో పెట్టారు. షోరూము కుర్రాణ్ని ఒక్కటే అడగండి: 'దీనికి ఇంట్లో చార్జింగ్ పెట్టొచ్చా?' అతను నీళ్లు నమిలితే అది మీవాడు చెప్పిన బండి కాదు. నేను ఇది రాసే నాటికి మన ఊరి షోరూముల్లో ఆ బండి లేదు.

డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పి కట్టి బతికినవాణ్ని, నాకు ఈ ఏర్పాటు ముద్దొస్తుంది. అయితే మీ చేత కొనిపించను. దీని కథ చైనాలో మొదలైంది కాదు. బీఎండబ్ల్యూ 2013లో ఐ3 అనే చిన్న ఎలక్ట్రిక్ కారు తెచ్చి, కావాలన్నవాళ్లకు అందులో 647 సీసీ స్కూటరు ఇంజను, 9 లీటర్ల ట్యాంకు పెట్టి ఇచ్చింది. 2018లో పెద్ద బ్యాటరీ రాగానే యూరప్‌లో ఆ ఇంజను బండిని ఆపేసింది. బ్యాటరీ చాలినంత ఉంటే జనరేటరును మోసుకు తిరగడం ఎందుకని. చైనాలో లీ ఆటో వాళ్లు 2019 నుంచి పెద్ద ఎస్‌యూవీల్లో పెట్టి బాగానే అమ్మారు. ఇంటి దగ్గర చార్జింగుకు చోటు లేనివాళ్లకు, పండగ సెలవులకు వెయ్యేసి కిలోమీటర్లు పోయేవాళ్లకు అది పనికొచ్చే బండి. మీకు సొంత గేటు ఉంది, గేటు లోపల బండికి చోటుంది.

ఇంకో తిరకాసు ఎవరూ చెప్పరు. మీలాంటి వాడకానికి ఆ ఇంజను నెలకోసారి స్టార్టయితే ఎక్కువ. ట్యాంకులో పెట్రోలు నిలవుంటుంది. ఇప్పుడు మనకు వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. అమెరికాలో షెవర్లే వోల్ట్ అనే ఇలాంటి కారు 2010లో వచ్చినప్పుడే ఈ బాధ ఊహించి, ఆరు వారాలు ఇంజను తిరగకపోతే బండే దాన్ని కాసేపు తిప్పేలా, ఏడాది నిలవున్న పెట్రోలును తానే కాల్చేసేలా ఏర్పాటు చేశారు. అంటే నడిచినా నడవకపోయినా ఆ ఇంజనుకు ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు, సర్వీసు ఖర్చు తప్పదు. పన్ను కూడా చూడండి. పూర్తి ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. హైబ్రిడ్‌లకు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నవాటికి 18, పెద్దవాటికి 40.

మీ ఖర్చు లెక్క వేద్దాం. కంపెనీవాళ్లు కిలోవాట్ అవర్ అనేది, మీ మీటరు యూనిట్ ఒకటే. టాటా నెక్సాన్ సైజు ఎలక్ట్రిక్ బండి వంద కిలోమీటర్లకు పద్నాలుగు పదిహేను యూనిట్లు తింటుంది. నార్పల పోయి రావడానికి, చార్జింగులో పోయేది కూడా కలిపి పది పదకొండు యూనిట్లు. ఇంట్లో నెలకు 400 దాటి పై శ్లాబులో పడినా యూనిట్ పది రూపాయల దగ్గర, అంటే రోజుకు వంద నుంచి నూటపది. అదే దూరానికి లీటరుకు పదిహేను ఇచ్చే పెట్రోలు బండిలో నాలుగు లీటర్లు దాటుతుంది, లీటరు నూటపది దగ్గరుంది. మీ అబ్బాయి మాట విని ఏడాది ఆగితే, అది మీకు ఊరికే రాదు.

బెంగళూరు 215 కిలోమీటర్లు. ఒక్క చార్జింగుకు 489 కిలోమీటర్లని కంపెనీ కాగితం మీద రాసిన, 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ హైవే మీద ఏసీ వేసి వందలో పోతే మూడొందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఇస్తుంది. ఇందులో మన దారికి ఒక మెలిక ఉంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్లు, బెంగళూరు 920. పోయేటప్పుడంతా ఎక్కుడే. పదిహేడొందల కిలోల బండిని అంత ఎత్తుకు మోయడానికి రెండున్నర మూడు యూనిట్లు అదనంగా పోతాయి. నిండా చార్జింగుతో బయల్దేరితే బెంగళూరు మొదట్లో హెబ్బాళ దగ్గర ఇరవై శాతం మిగిలి ఉంటుంది. వచ్చేటప్పుడు దిగుడు, పోయిన దాంట్లో కొంత తిరిగొస్తుంది. బాగేపల్లి, చిక్కబళ్లాపురం మధ్య ఎక్కడో ఒకచోట టిఫినుకు ఎలాగూ ఆగుతారు, ఫాస్ట్ చార్జరున్న హోటల్ చూసుకుని ఆగండి, టెన్షన్ ఉండదు. చార్జింగ్ యాప్‌లు రెండైనా ఫోనులో వేయించుకోండి, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి. మీ అబ్బాయికి ఇంజన్ల మీద అంత ఆసక్తి ఉంటే, ముందు వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగులో పదహారు ఆంప్స్ సాకెట్ పెట్టించమనండి. శబరిమలకు ఇన్నోవా బాడుగకు తీసుకోండి. ఎలాగూ స్వాములందరూ ఒకే బండిలో పోవాలంటారు.

బండి కొనే ముందు మీరు చూసుకోవాల్సింది ఎర్తింగ్. రేంజి గురించి అడిగినవాళ్లే గానీ దీన్ని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. సాయినగర్‌లో ఒక మాస్టారు కొత్త కారు తెచ్చుకున్నారు. ఏప్రిల్ నెల. ప్లగ్గు పెట్టగానే చార్జరులో ఎర్ర లైటు. బండి బాగాలేదని రెండు రోజులు షోరూముతో తగాదా. నేను పోయి న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య మీటరు పెట్టి చూస్తే ఇరవై వోల్టులకు పైన చూపించింది. రెండు మూడు దాటకూడదు. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత, ఆ గరుసు నేలలో ఎండి రాయైపోయింది. పైపులో నాలుగు బిందెల నీళ్లు పోయించి కాసేపు ఆగితే పచ్చ లైటు వెలిగింది. ఫ్రిజ్జు, టీవీ ఎర్త్ లేకున్నా నోరు మూసుకుని పనిచేస్తాయి, కారు చార్జరు ఒప్పుకోదు. మన జిల్లాలో వానలెంతో మీకు తెలుసు. కొత్త గుంత తవ్వించి, దాన్ని తులసి కోట పక్కనో, స్నానాల గది నీళ్లు పోయే చోటో పెట్టించండి, రోజూ తడుస్తుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా నాలుగు ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) కాపర్ వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), మంచి పదహారు ఆంప్స్ సాకెట్. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, కరిగిపోయినవి చాలా చూశాను. ఈ సాకెట్‌తో మీ రోజు వాడకం మూడున్నర గంటల్లో నిండుతుంది, పెద్ద చార్జరు కోసం లోడు పెంచుకోనక్కర్లేదు.

ఈ పనులయ్యాక ఎలక్ట్రిక్ కొనేయండి.

ప్రశ్న: కర్నూలు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను. మెడికల్ రెప్‌ని. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల రోజూ తిరుగుడే. పార్కింగులో ఎవరికీ సొంత చోటు లేదు. ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. సొంత కనెక్షన్ మీద ఇంట్లోనే బండి చార్జి చేసుకోవచ్చని 2024లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, కానీ అద్దె ఇంట్లో ఉంటూ అసోసియేషన్‌తో ఆ పంచాయితీ ఎవరు పెట్టుకుంటారు? రోజంతా తిరిగొచ్చి రాత్రి బయటి చార్జరు దగ్గర కూర్చోలేరు. రేంజ్ ఎక్స్‌టెండర్ వచ్చినా మీకు అంతే. ప్లగ్గు పెట్టకపోతే అది పెట్రోలు తాగే ఖరీదైన కారు, పైగా హైవేలో ఇంజను నుంచి జనరేటరుకు, అక్కడి నుంచి మోటారుకు పోయేసరికి మెట్టు మెట్టుకూ కొంత నష్టం. బడ్జెట్ ఉంటే స్ట్రాంగ్ హైబ్రిడ్, లేకపోతే మామూలు పెట్రోలు.

ప్రశ్న: కడప ఎండలకు బ్యాటరీ పాడైపోదా? పగలంతా ఆఫీసు బయట ఎండలోనే ఉంటుంది.

జవాబు: ఎండలో ఉన్నంత మాత్రాన పాడైపోదు, చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడు అది గాలితోనా, నీళ్ల కూలెంట్‌తోనా అని అడగండి, కూలెంట్ ఉన్నదే తీసుకోండి. బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వేడికి ఇంకొంచెం మేలు. నూరు శాతం నింపి మే నెల మధ్యాహ్నం వారం రోజులు కదపకుండా వదిలేయడం మంచిది కాదు. ఊరెళ్తుంటే సగంలో ఉంచి వెళ్లండి. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఫాస్ట్ చార్జింగ్ పెట్టకుండా, రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పెట్టుకోండి.